ఎర్రజెండా ముందు సర్వదమన్

గూఢచారి సర్వదమన్ సినిమాల్లోంచి పాత హీరో తప్పుకుని కొత్తవాడు వస్తున్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. మా రాయగడ రైల్వే కాలనీలో పెరిగిన వాళ్ళందరికీ గూఢచారి అంటే ఆ ఒక్కడే. కొత్తవాడి ఫొటో ఫోనులో చూసి, వీడి చేతికి తుపాకీ ఇస్తే ఆ బరువుకే వంగిపోతాడని పెదవి విరిచాను. అలాంటిది, ఆ కొత్తవాడి మొదటి సీను మా లైనులోని కకిరిగుమ్మ స్టేషన్లో తీస్తారని, అందులో రైలు నడిపేది మా నాన్న గోవిందరావేనని తెలిసేసరికి నా పాత అభిమానం ఎటు పోయిందో నాకే తెలియదు. కాలనీ అంతా తిరిగి చాటింపు వేసింది నేనే.

సీను ఇదీ. పట్టాల పక్కన విలన్ మనుషులు ముగ్గురు ఎర్రజెండా ఊపుతారు. అది ఉచ్చు. ఇంజను తలుపు కమ్మీ పట్టుకుని వేలాడుతున్న సర్వదమన్ "ఆపొద్దు" అని అరుస్తాడు. రైలు జెండాను దాటి దూసుకుపోవాలి. ఆ జెండా ఉత్త నాటకమనీ, దాటిపోవచ్చనీ రైల్వే అధికారి నాన్నకు ముందే చెప్పాడు. నాన్న బుద్ధిగా తలూపాడు. నేను ప్లాట్‌ఫారం మీద డైరెక్టరు వెనక, ఆయన చూసే టీవీకి దగ్గరగా చోటు సంపాదించాను.

కొండ మలుపు తిరిగి, కూత వేసుకుంటూ రైలు వచ్చింది. జెండా లేచింది. బ్రేకులు కీచుమన్నాయి. రైలు పద్ధతిగా ఆగిపోయింది.

ఇంజనులో ఇద్దరుంటారు. దారిలో ఏ సిగ్నల్ కనబడినా దాని రంగు ఒకరు పైకి చెప్పాలి, రెండోవారు తిరిగి అనాలి. అది వాళ్ళ పని పద్ధతి. ఇంట్లో టీవీలో రైలు కనబడినా సిగ్నల్ రంగు పైకి అనే మనిషి మా నాన్న. అసిస్టెంటు లక్ష్మణుడు అలవాటుగా "ఎర్రజెండా" అన్నాడు. నాన్న కూడా "ఎర్రజెండా" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా ఆయన చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళిపోయింది.

రెండోసారి లక్ష్మణుణ్ణి నోరు మూసుకోమన్నారు. నాన్న ఒక్కడే "ఎర్రజెండా" అని, ఒక్కడే ఆపాడు. మూడోసారి నాన్న నోట్లో కిళ్ళీ కుక్కారు. మాట రాలేదు గానీ రైలు మాత్రం ఆగింది.

పొద్దు వాలుతోంది. ఆ లైను మళ్ళీ ఖాళీ దొరకదు. ఇంకోసారి చెడితే ఈ సీను తీసిపారేసి, స్టూడియోలో కంప్యూటరు రైలు పెట్టుకుంటానని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు. అంటే కకిరిగుమ్మ ఉండదు, నాన్న ఉండడు. నాకు ఏడుపొచ్చింది. నాన్న మీద ఒళ్ళు మండింది కూడా. పరుగున ఇంజను దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్కసారికి కళ్ళు మూసుకోమని బతిమాలాను.

"కళ్ళు మూసుకుని ఇంజను నడపమంటావేటమ్మి? నాటకమని నాకు తెలుసు. ఈ సెయ్యికి తెల్దు" అన్నాడు నాన్న.

కొత్త హీరో అక్కడే మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కమ్మీ రాసుకుని అరచేతులు ఎర్రగా కందిపోయాయి. అంతసేపూ ఒక్క మాట విసుక్కోలేదు. ఇప్పుడు లేచి, ఎప్పటిలాగే ఆపమని నాన్నతో చెప్పాడు. సర్వదమన్ ఎక్కడైనా ఆగాడా అని డైరెక్టరు గయ్యిమన్నాడు.

"పాతాయన ఆగడండి. నేను ఆగి కొడతాను" అన్నాడు కొత్తవాడు.

నాన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "అయితే నాను దూకమన్నప్పుడే దూకాల బాబూ" అన్నాడు.

మళ్ళీ రైలు వచ్చింది. జెండా లేచింది. లక్ష్మణుడు గట్టిగా అన్నాడు, నాన్న అంతకన్నా గట్టిగా అన్నాడు. చక్రాల కింద నిప్పురవ్వలు లేచాయి. నడక వేగానికి దిగగానే నాన్న "దూకు" అన్నాడు. కొత్తవాడు కంకర మీదికి దూకి, తూలి, నిలదొక్కుకుని, జెండా కర్ర లాక్కుని దాంతోనే ముగ్గుర్నీ పడగొట్టాడు. ప్లాట్‌ఫారం అంతా అరుపులే. నేను ఎవరి భుజమో పట్టుకుని ఎగురుతున్నాను. చూస్తే అది డైరెక్టరు భుజం. ఆయనా ఎగురుతున్నాడు.

సినిమా విడుదలైన రోజు రాయగడలో మొదటాటకు కాలనీ అంతా కదిలింది. తెరమీద రైలు ఎర్రజెండా ముందు ఆగగానే మా రైల్వేవాళ్ళు కుర్చీలెక్కి ఈలలు వేశారు. గొంతు పోయేలా కొత్తవాడికి జై కొట్టాను. సిగ్గేం పడలేదు.

బయటికి వస్తుంటే పక్కింటి వరహాలమ్మత్త నాన్నను ఆపి, ఆ రైలు నడిపింది నిజంగా నువ్వేనా అని అడిగింది.

"నడపడానికేటుందక్కా, ఎవులైనా నడుపుతారు" అన్నాడు నాన్న. "ఆపింది నాను."