కుంకుమపువ్వు పథ్యం

జానకమ్మ చేత కర్నూలు మాత్రలు మాన్పించింది నేనే. లూదియా మాన్పించమని చెప్పలేదు. డబ్బాతో వచ్చిన కాగితంలో కూడా అట్లా ఎక్కడా రాసిలేదు. మా వాళ్లంతా లూదియాను తిట్టిపోస్తున్నారు కాబట్టి ఈ మాట ముందుగానే రాస్తున్నాను.

జానకమ్మ నా చెల్లెలు. నాకన్నా పదిహేనేళ్లు చిన్న. అది పుట్టిన పదకొండో రోజున మా అమ్మ చనిపోయింది. అప్పటినుంచి నా చంకలోనే పెరిగింది. పెళ్లయి నంద్యాల కాపురానికి వచ్చిననాడు కూడా దాన్ని ఎత్తుకునే వచ్చాను. మా అత్త గడపలో నిలబడి, "ఒక కోడల్ని అడిగితే ఇద్దర్ని పంపినారే" అన్నది. తర్వాత అత్త పోయింది, నా మొగుడు పనికని వెళ్లి తిరిగి రాలేదు. జానకమ్మ మిగిలింది. దాన్ని ఆళ్లగడ్డలో లారీ డ్రైవరు ఆంజనేయులుకు ఇచ్చి చేశాను. పిల్లలు కలగలేదు గాని వాళ్లిద్దరూ బాగానే ఉన్నారు.

రెండువేల నాలుగులో డోన్ దగ్గర లారీ బోల్తాపడి ఆంజనేయులు చనిపోయాడు. దినాలు అయిపోయాక జానకమ్మ మాట్లాడటం మానేసింది. చేతిలో దువ్వెన పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. తల దువ్వుకునేది కాదు, దువ్వెన కింద పెట్టేదీ కాదు. నేను నంద్యాల గదికి తాళం వేసి ఆళ్లగడ్డ వచ్చేశాను. తొమ్మిది నెలలు చూసి, ఇక లాభం లేదని కర్నూలు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్రలు రాసిచ్చాడు. మూడో నెలలో ఒకరోజు అన్నం తింటూ తింటూ, "అక్కా, చారులో ఉప్పు లేదు" అంది. నేను వంటింట్లోకి పోయి ఏడ్చి, ఉప్పు తెచ్చి వేశాను.

ఆ మాత్రలతో అది మనిషయింది. కాని చేతులు వణికేవి. నోరు ఎండిపోయేది. పగలంతా కునికిపాట్లు పడేది. పక్కింటి లూదియా దర్జీ పని చేస్తుంది. జాకెట్లకు హుక్కులు కుట్టే పని జానకమ్మకు ఇచ్చేది. జానకమ్మ సూదిలో దారం ఎక్కించలేక, దారం కొస నోట్లో తడిపి తడిపి, చివరికి సూదిని దిండుకు గుచ్చి పెట్టేసేది.

"ఈ మాత్రలు ఇంగ ఎన్నాళ్లక్కా?" అని అడిగేది. డాక్టరు ఎన్నాళ్లో చెప్పలేదు. అదే నాకు భయంగా ఉండేది.

రెండువేల ఆరు వేసవిలో లూదియా నంద్యాలలో ఏదో కంపెనీ మీటింగుకు పోయి వచ్చింది. చేతిలో తెల్ల డబ్బా. మూత తీస్తే లోపల అరవై గొట్టం మాత్రలు, లేత ఎరుపు.

"పెద్దమ్మా, ఇది కుంకుమపువ్వు సారం. మనసుకు మంచిదంట. నేను నెల దినాలుగా మింగుతాండా. మా ఇంటాయన వదిలేసి పోయిన కాడ్నుంచి నాకు నిద్దరే లేదని నీకు తెలుసు గదా. ఇప్పుడు పడుకుంటాండా. దేవుని తోడు."

"అమ్ముకునేదానికి చెప్తాండావా, నిజంగా చెప్తాండావా?" అన్నాను.

"రెండూ" అంది లూదియా. "నా కింద ఇద్దర్ని చేర్చాల. అబద్ధం యాటికి చెప్తా? కానీ నిద్ర మాత్రం నిజం పెద్దమ్మా."

లూదియా మోసగత్తె కాదు. నాకు దుడ్లు లేవంటే మొదటి డబ్బా ఊరికే ఇచ్చింది.

డబ్బాతోపాటు తెలుగులో అచ్చేసిన కాగితం ఉంది. నేను బడికి పోలేదు. నంద్యాలలో పాత పేపర్లతో అంగళ్లకు కవర్లు అంటించి అమ్మేదాన్ని. ఆ పేపర్లమీద అక్షరాలు ఒక్కొక్కటే పట్టుకుని ముప్పైయ్యేళ్లు దాటాక చదవడం నేర్చుకున్నాను. ఆ కాగితం మొత్తం జానకమ్మకు చదివి వినిపించాను. కాశ్మీరులో పొద్దు పొడవకముందే పూలు కోస్తారని, ఒక్కో పువ్వులో మూడే ఎర్రపోగులు ఉంటాయని, వాటి సారం మనసుకు ఉల్లాసం ఇస్తుందని రాసుంది. జానకమ్మ మోకాళ్లమీద గడ్డం పెట్టుకుని వినింది.

"మూడేనా? ఒక పువ్వుకు మూడేనా అక్కా? ఇంగోసారి చదువు."

ఇంకోసారి చదివాను. ఆ పూట దాని ముఖం చూసి నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టగానే భయం కూడా పుట్టింది. ఇంత విలువైన మందును సరిగ్గా వాడకపోతే ఎట్లా?

మా వైపు మందంటే పథ్యం. నాకు నలభై ఏళ్లప్పుడు కామెర్లు వస్తే రుద్రవరం అడవి నుంచి వచ్చే చెంచు పెద్దాయన పసరు పోశాడు. చింతపండు, వంకాయ, గోంగూర, ఎండుచేప ముట్టొద్దన్నాడు. "పసరు కడుపులో ఉండంగ సూదిమందు పడితే రెండూ విరిగిపోతాయి తల్లీ" అన్నాడు. ఆయన చెప్పినట్టే నడుచుకున్నాను, బతికాను. ఆయన చెప్పింది ఆ పసరుకు. అది నేను కుంకుమపువ్వుకు పెట్టాను. నన్నెవరూ పెట్టమనలేదు.

కంపెనీ కాగితంలో పథ్యం లేదు. పట్నంవాళ్లు కదా, వాళ్లకు తెలియక రాయలేదనుకున్నాను. నలభై ఒక్క రోజులు పథ్యం అని నేనే పెట్టాను. చింతపండు లేదు, వంకాయ లేదు, గోంగూర లేదు.

"మరి కర్నూలు మాత్రలు?" అంది జానకమ్మ.

"ఒక కడుపులో రెండు మందులు కొట్లాడుకుంటాయి. నలభై దినాలే కదమ్మా. పువ్వు గుణం ఒంటికి పట్టినాక చూద్దాం."

"నువ్వు చదివినావు గదా. నీకు తెలుస్తాది" అంది. మాత్రల అట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎంత సంతోషంగా పెట్టిందో!

లూదియాకు ఈ సంగతి చెప్పలేదు. కర్నూలు పోవాల్సిన తారీఖు వచ్చింది, వెళ్లలేదు.

మొదటి పదిహేను రోజులు నా జీవితంలో మళ్లీ రావు. జానకమ్మ చేతుల వణుకు పోయింది. కునుకు పోయింది. గడపలో కూర్చుని ఒక్క ప్రయత్నానికి సూదిలో దారం ఎక్కించి నాకు చూపించింది. లూదియా తెచ్చిన జాకెట్టు ఎత్తి చూసి, "ఏందే లూదియా, ఈ చేయి యాడికో పోతాండాది, ఆ చేయి యాడికో పోతాండాది. ఇది తొడుక్కుంటే నాకు మళ్లీ పిచ్చి పడతాది" అంది. ముగ్గురం పడి పడి నవ్వాం. లూదియా నవ్వుతూనే, "సాక్ష్యం చెప్పు అక్కా, మీటింగులో వచ్చి చెప్పు" అని బతిమాలింది.

ఆ వారం నంద్యాలలో కవర్లు ఇవ్వడానికి పోయినప్పుడు, నా దగ్గర కవర్లు కొనే అబ్దుల్ రహిమాన్ అన్నకు చెప్పాను. ఆయన అంగట్లో అత్తరు, సుర్మా, ఊదుకడ్డీలతోపాటు కుంకుమపువ్వు కూడా చిన్న చిన్న డబ్బీల్లో ఉంటుంది.

"మంచి వస్తువే చెల్లెమ్మా" అన్నాడు. "కానీ ముప్పై ఏండ్లుగా దీని పక్కనే కూర్చోనుండా. మా బీబీ పోయినప్పుడు నాకు ఏడుపు ఆగిందా? రొంత చూసుకో."

నీకు సారం సంగతి తెలియదులే అనుకుని నవ్వేసి వచ్చాను.

మూడో వారం జానకమ్మకు నిద్ర తగ్గింది. కుట్టిన హుక్కులు తెంపి మళ్లీ కుట్టేది. కడిగిన గిన్నెలు మళ్లీ కడిగేది. ఒకనాటి పొద్దున నేను నీళ్లకు పోయి వచ్చేసరికి ఇంట్లో లేదు. చేతిలో ఉన్న చిల్లరతో నంద్యాల దాకా పోయి, అక్కడి బస్టాండులో డోన్ బస్సు ఎక్కి కూర్చుంటే, టికెట్టుకు దుడ్లు చాలవని కండక్టరు దించాడట. నేను కవర్లు వేసే ఊరు కాబట్టి ఎవరో గుర్తుపట్టి రహిమాన్ అన్న అంగట్లో కూర్చోబెట్టారు. ఆయన కబురు పంపితే నేను పరుగున పోయాను.

"యాడికి పోతాండావే?"

"ఆయన డోన్‌లో దిగినాడంట. పిలుచుకొని రావద్దా?" అంది, నాకే తెలివి లేనట్టు.

అప్పుడన్నా నేను మాత్రల అట్ట తీయాల్సింది. తీయలేదు. పథ్యం తప్పిందనుకున్నాను. ఎవరు తప్పించారా అని వెతికాను. దాని ఆడబిడ్డ నాగేశ్వరమ్మ ముందటి వారం శిరివెళ్ల నుంచి వచ్చి ఒకరోజు ఉండి వెళ్లింది. బూత్ నుంచి ఫోను చేసి అడిగాను.

"నాగేశ్వరమ్మా, నిజం చెప్పు. దానికి గోంగూర పెట్టినావా?"

"ఒక ముద్ద అడిగింది వదినా. నోరు చప్పబడి పోయిందనింది. నా కూరలోంచి పెట్టినా. ఏమాయె?"

"ఏమాయెనా? నా చెల్లెలి బతుకు పాయె!"

నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె ఫోను పెట్టేసేదాకా తిట్టాను. పథ్యం మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి ఉండాలి. అది మా పద్ధతి. లూదియా దగ్గర ఇంకో డబ్బా తీసుకున్నాను. జానకమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇంకో నలభై ఒక్క రోజులు ఉండాలని చెప్పాను.

"మళ్లీ మొదటి రోజా అక్కా?" అంది.

"అవునమ్మా."

జానకమ్మ నాతో మాట్లాడిన కడసారి మాట ఆ ప్రశ్నే. వారం తిరక్కుండానే పూర్తిగా నోరు మూసింది. ఈసారి చేతిలో దువ్వెన కూడా లేదు. అయినా నేను లెక్క తప్పకుండా పూటకొక ఎర్ర మాత్ర నోట్లో వేసి, నీళ్లు పోసి, గొంతు నిమిరి మింగించాను. ఇరవై ఎనిమిది రోజులు అట్లా చేశాను.

ఇరవై తొమ్మిదో రోజు డబ్బా పట్టుకుని రహిమాన్ అన్న దగ్గరికి పోయాను. ఆయన కూతురు ముబశ్శిరా మందుల చదువు చదువుతోంది. సెలవులకు వచ్చి ఉంది. డబ్బా వెనక ఇంగ్లీషులో చీమలంత అక్షరాలు ఉంటే కిటికీ దగ్గరికి తీసుకుపోయి చదివింది.

"అవ్వా, ఇది మందు కాదని రాసినారు. ఏ జబ్బూ నయం చేసేదానికి కాదంట. మాత్రలు వాడేవాళ్లయితే ముందు డాక్టరును అడగాలంట."

"మాత్రలు ఆపమని ఉందా?"

"యాడా లేదు."

"పథ్యం?"

"ఆ మాటే లేదవ్వా." ఆ పిల్ల నా ముఖం చూసి మెల్లగా అడిగింది. "మాత్రలు ఆపినారా? ఎన్నాళ్లాయె?"

రహిమాన్ అన్న తలెత్తలేదు. "ముబ్బీ, అవ్వకు నీళ్లియ్యి" అన్నాడు.

మర్నాడే కర్నూలు పోయాం. లూదియా కూడా వచ్చింది. డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఎన్నాళ్లు ఆపారో అడిగి కాగితంమీద రాసుకున్నాడు. "మళ్లీ అవే మొదలుపెడదాం. పోయినసారిలాగే కోలుకుంటుందని మాత్రం చెప్పలేను. ఒక్క పూట కూడా తప్పకూడదు" అన్నాడు. బయటికొచ్చాక లూదియా వరండాలో కూర్చుని ఏడ్చింది. "మాత్రలు మాన్పిస్తాండానని ఒక్క మాట నాకు చెప్పింటే పెద్దమ్మా" అని మళ్లీ మళ్లీ అంది. ఆమె ఆ డబ్బాలు అమ్మడం మానేసింది. ఆమె నిద్ర కూడా పోయిందని విన్నాను.

ఇంటికొచ్చి మాత్ర చేతిలో పెట్టుకుని జానకమ్మ ముందు కూర్చుంటే పళ్లు బిగించింది. అన్నంలో పెట్టి కలిపాను. నా చెయ్యి నోటి దగ్గరికి రాగానే ముఖం గోడవైపు తిప్పేసింది. మంచినీళ్లు కూడా నా చేత్తో ఇస్తే తాగలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు లూదియా పోయి నాగేశ్వరమ్మను పిలుచుకొచ్చింది. ఆమె ముఖం చూడటానికి నాకు సిగ్గయింది, ఆమె మాత్రం పాత సంగతి ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని పెరుగన్నం కలిపింది. నేను వంటింటి తలుపు పక్కన నిలబడ్డాను. జానకమ్మ నావైపు చూసింది, నోరు తెరవలేదు.

"వదినా, నువ్వు రొంత సేపు వీధిలోకి పో" అంది నాగేశ్వరమ్మ.

వీధిలో నిలబడ్డాను. కాసేపటికి ఆమె ఖాళీ గిన్నె తెచ్చి చూపించింది. మాత్ర కూడా లోపలికి పోయిందంది.

రెండు రోజులు అట్లాగే జరిగాక ఇంకేమీ మాట్లాడుకోవాల్సిన పని లేకపోయింది. దాని బట్టలు నేనే మూటకట్టాను. శిరివెళ్ల బస్సు దాకా వెనక వెనక నడిచాను, అది చూడకుండా. నా చేతి ముద్ద తిని పెరిగిన బిడ్డ కిటికీ పక్కన కూర్చుని ముందుకే చూస్తోంది.

నేను నంద్యాల గదికి తిరిగొచ్చాను. నెలకోసారి మాత్రలు తీసుకుని శిరివెళ్ల పోతాను. నాగేశ్వరమ్మ బస్సు దగ్గరికే వచ్చి తీసుకుంటుంది. ఇంటికి రమ్మని ఆమె అనదు, వస్తానని నేను అనను. రెండేళ్లు గడిచాయి. జానకమ్మ తింటుంది, మింగుతుంది, చాపమీద కూర్చుంటుంది. అంతకు మించి లేదు. నేను అడుగుతాను, నాగేశ్వరమ్మ చెబుతుంది.

పోయిన నెల మాత్రలు అందుకుంటూ, "వదినా, మొన్న మాట్లాడింది" అంది.

టీ అంగడి బల్లమీద కూర్చుండిపోయాను. "ఏమనింది? బిన్నా చెప్పు తల్లీ, తొందరగా."

నాగేశ్వరమ్మ మాత్రల సంచి ముడి సర్దింది.

"నేను మాత్ర తీసుకొని దాని కాడికి పోతే, అక్క వచ్చిందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"రాలేదన్నా. అప్పుడు మాత్రకు నోరు తెరిచింది."