ఉప్పు చూసిన చెయ్యి

ఎనిఫాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: కూతురు తన నోరే పుచ్చుకుని పుట్టిందేమోనని. దొంగలంటే భయం లేదు, ఆ ఇంట్లో ఎత్తుకుపోవడానికి ఏముందని. వానలకు వెనక గోడ జారిపోతుందన్నా భయం లేదు, జారితే మళ్ళీ మెత్తుకుంటారు. కానీ నడక నేర్చిన ఆ కూతురు లుసుంగు, ఆకుకూర ముద్ద పెదవికి తగలగానే మొహం అటు తిప్పేసి, నోట్లోకి వెళ్ళిన కాస్తనూ నాలుకతో బయటికి తోసేసినప్పుడు మాత్రం ఆమెకు ఆ భయం పట్టుకునేది. అచ్చం తనే. ఆ తిప్పడం, ఆ తొయ్యడం, ఆ కళ్ళల్లో నీళ్ళు, అన్నీ తనవే. పిల్లల బరువు చూసే రోజున చెట్టుకొమ్మకు కట్టిన తక్కెడలో లుసుంగుని వేలాడదీస్తే ముల్లు పెద్దగా కదిలేది కాదు. నర్సు "ఆకుకూరలు పెట్టమ్మా, ఆకుకూరలు" అనేది, ఆకుకూర సంగతి మలావీలో పుట్టిన ఆడదానికి కొత్తగా చెబుతున్నట్టు.

ఆకుకూర ఎనిఫాకు తెలియనిదా? పొద్దున లేస్తే దానితోనే పని. గుమ్మడాకు కాడని విరిచి, పైన ఉండే పీచుని దారం లాగినట్టు కిందిదాకా లాగాలి, తెగకుండా. ఆ నూగు పోయేదాకా ఆకుని అరచేతుల మధ్య నలపాలి. కడగాలి, సన్నగా తరగాలి, ఉడికించాలి, టమాటాలు వెయ్యాలి. ఈలోగా పల్లీలు దంచి, జల్లించి, ఆ పిండి చల్లి, అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. పక్కన ఇంకో పొయ్యి మీద న్సీమా ముద్ద ఉడుకుతుంటే, భుజాలు దిగిపోయేలా ఆ మొక్కజొన్న పిండి కెలకాలి. బండెడు ఆకు ఒలిచి ఉంటుంది ఈ చేతులతో. నోటితో మాత్రం పడేది కాదు. పుట్టింట్లోనూ అంతే. అమ్మకు సుస్తీ చేస్తే బడి మానిపించి ఎనిఫాని పొయ్యి ముందు కూర్చోబెట్టారు. అన్నలకీ తమ్ముళ్ళకీ వండి పెట్టిన కూర చివరికి తన దాకా వచ్చేసరికి ఆమె న్సీమాలో ఉప్పు అద్దుకుని తినేసేది. "ఎవరికి పుట్టావే నువ్వు, ఏ తెల్లదొరకి?" అని అమ్మ నవ్వేది. పెళ్ళయ్యాక ఆ నవ్వు పోయింది, మాట మిగిలింది.

అందుకే ఎనిఫా వండేటప్పుడు రుచి చూసేది కాదు. కంచె అవతల నాఫిరి ఉంది, పెద్ద నోరు, పెద్ద మనసు. కూర ఉడికాక గరిటె పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళడమే. "వదినా, ఉప్పు చూడవూ?" నాఫిరి అరచెయ్యి చాపేది. నాకి, కళ్ళు మూసుకుని, చర్చిలో ప్రార్థన చెప్పినట్టు చెప్పేది: "చిటికెడు. చిటికెడంటే నీ చిటికెడు కాదు, నా చిటికెడు." ఎనిఫా చేతి వంటను మొగుడు వైసన్ మెచ్చుకునేవాడు. మినీబస్సు తోలి సాయంత్రం వచ్చి, ఎనిఫా మోకాళ్ళ మీద కూర్చుని చేతుల మీద నీళ్ళు పోస్తుంటే, "నా పెళ్ళాం తినదు గానీ వండితే మాత్రం..." అని వేళ్ళు నాకేవాడు. అతని వాటా ఎప్పుడూ చిన్న గిన్నెలో, మూత పెట్టి, కుంపటి పక్కనే. బొగ్గులు పొదుపు కదా, ఆ ఒక్క గిన్నెకే సెగ. మిగతా కుండ నేల మీద. అతను తిన్నాక, చుట్టాలుంటే చుట్టాలు. ఆ తర్వాత ఆమె, పిల్ల.

అలాంటి ఇంట్లోకి అత్తగారు దిగింది. న్యాగొండ్వే, ఎంజింబా వైపు పల్లె నుంచి, బుట్టెడు బీన్సూ మూటెడు అభిప్రాయాలూ నెత్తిన పెట్టుకుని. కోడలు ఎండుచేప పులుసులో న్సీమా ముంచుకుంటూ కూరకుండ జోలికి పోకపోవడం మొదటిరోజే కనిపెట్టేసింది.

"ఏమే కోడలా, నీకు న్ఖులి పట్టిందా?"

న్ఖులి అంటే మాంసం మీదా చేప మీదా పుట్టే ఆబ. ఆకలి వేరు, న్ఖులి వేరు. కడుపు నిండినా న్ఖులి తీరదు. మగవాడికి న్ఖులి అంటే ఇంట్లో కోడి కోస్తారు. ఆడదానికి న్ఖులి అంటే వీధంతా నవ్వుతుంది.

"అదేం లేదత్తయ్యా. కూర గొంతు దిగదు, అంతే."

"దిగదా! రాణిగారి గొంతా? ఇదిగో, నీ ఏరుకు తినే నోరు నీ దగ్గరే ఉంటే ఊరుకుందును. నా మనవరాలికీ అంటించావు. దాని చేతులు చూడు, పిచ్చుక కాళ్ళలా. నాతో తీసుకుపోతాను. మా ఊళ్ళో ఆర్నెల్లుంటే ఆకు కాదు, కాడ కూడా నములుతుంది."

ఎనిఫా వైసన్ వైపు చూసింది. అతను పళ్ళెం వైపు చూశాడు. "అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది? శనివారం బస్సులో మా వాడొకడు డ్రైవరు, ముందు సీట్లో కూర్చోబెడతాడు. నువ్వూ కాస్త తెరిపిన పడతావు."

తెరిపి! ఆ రోజు నుంచి ఎనిఫాకు ఊపిరి తెరిపి లేదు. బట్టలుతుకుతున్నా, నీళ్ళ పంపు దగ్గర వరసలో నిలబడినా అదే ఆలోచన. వీపు మీద చితెంజే గుడ్డలో కట్టుకున్న ఆ బరువు లేకుండా తను ఎలా నడుస్తుంది? అటూ ఇటూ ఒరిగిపోదూ? పిల్లకు ఆకుకూర అలవాటు చెయ్యాలని ముక్కు మూసింది, పాట పాడింది, కోతిలా గెంతింది. తన పళ్ళెంలోని చల్లారిన కూరనే ముద్దలో దాచి పెట్టింది. లుసుంగు ముద్ద తిని కూర ఉమ్మేది. ఎలా విడదీసేదో ఆ దేవుడికే తెలియాలి. "తల్లి తినందే పిల్లేం తింటుందిలే" అని అత్తగారు గోడతో చెప్పేది, ఎనిఫాకు వినబడేలా.

శుక్రవారం మధ్యాహ్నం అత్తగారు చర్చి ఆడవాళ్ళ ప్రార్థనకు వెళ్ళింది. మర్నాడే ప్రయాణం. లుసుంగు గౌన్లు అప్పటికే ఆవిడ సంచిలో చేరాయి. ఎనిఫా గుమ్మడాకు వండింది. పల్లీల పిండి పడ్డాక కూర చిక్కబడి కుతకుతమంటుంటే గరిటె పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది.

"వదినా! ఓ వదినా!"

పలుకు లేదు. తలుపుకు గొళ్ళెం. నాఫిరి కూడా ఆ ప్రార్థనకే పోయింది కాబోలు. ఎనిఫా అటు చూసింది, ఇటు చూసింది. కోడి తప్ప ఎవరూ లేరు. ఇంత జరిగాక ఇవాళ ఉప్పు కూడా తప్పితే అత్తగారు ఊరికి వెళ్ళి ఏం చెబుతుంది? కళ్ళు గట్టిగా మూసుకుని, మందు తాగబోయేదానిలా, కూర కాస్త అరచేతిలో వేసుకుంది. కాలింది. ఉఫ్ ఉఫ్ మని ఊది నాలిక చివర పెట్టింది.

ఉప్పు సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

మెత్తగా ఉంది. పల్లీల కమ్మదనం ముందు వచ్చింది, వెనకాల ఆకు పచ్చి తీపి, ఆ వెనక టమాటా పులుపు సన్నగా గిల్లినట్టు. వీపు మీది నుంచి ఒక చిన్న చెయ్యి భుజం దాటి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. లుసుంగు మెడ ముందుకు చాపి, అమ్మ అరచేతిలో మిగిలింది నాకేసింది. చప్పరించింది. "ఆ" అని నోరు తెరిచింది, గూట్లో పిట్టలా.

ఎనిఫా కదల్లేదు. కదిలితే ఆ నోరు మూసుకుంటుందేమోనని భయం. మెల్లగా కుండ దగ్గరికి నడిచి ఇంకో గరిటెడు. పిల్లకింత, తనకింత. ఇంకొకటి. అక్కడే, పెరట్లో, నిలబడి, ఇద్దరూ ఒక చేతిలోంచే తిన్నారు. పిల్ల బుగ్గ, తల్లి మెడ, చితెంజే గుడ్డ అంచు, అన్నీ పచ్చగా అయ్యాయి. కుండ సగానికి వచ్చాక గానీ ఆమెకు తెలివి రాలేదు.

ఇదే ఆకు. ఇదే కుండ. తన చేత్తోనే వండింది. మరి ఇన్నేళ్ళూ ఇది నోట్లో పెట్టుకుంటే వానకు తడిసిన గుడ్డ నమిలినట్టు ఎందుకుంది? ఎనిఫా అరుగు మీద కూలబడి ఆలోచించింది. పుట్టింట్లో కూర దించాక నాన్న తినాలి, తర్వాత అన్నలు, తమ్ముళ్ళు, చుట్టం వస్తే చుట్టం. "కూరలో చెయ్యి పెట్టే పిల్లని ఎవరూ చేసుకోరు" అని అమ్మ గరిటెతో వేళ్ళ మీద కొట్టేది కాబట్టి వండేటప్పుడు రుచీ లేదు. తన దాకా వచ్చేసరికి కుండ అడుగున నీళ్ళు విడిపోయి, పల్లీల పిండి మీగడలా గడ్డకట్టి, ఆకు జిగటబారి, అడుగున ఇసుక. అదీ తనకు తెలిసిన ఆకుకూర. ఇక్కడా అదే. వైసన్ వచ్చేదాకా కుండ నేల మీదే. పుట్టాక ఒక్కసారైనా, ఒక్కసారంటే ఒక్కసారి, తను పొగలు పోతున్న కూర తిన్నదా? వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. మడవడానికి ఒక్క వేలూ దొరకలేదు. ఏరుకు తినే నోరట! ఏరుకోవడానికి తనకు ఎప్పుడు ఏం మిగిలిందని? ఏడుపు రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకోలేనంత. అమ్మ నవ్వుతుంటే లుసుంగు కూడా నవ్వింది, పచ్చటి నోటితో.

ఆ నవ్వులోనే అత్తగారు వచ్చి కుండ మూత తీసింది.

"సగం కూర ఏదే?"

"తిన్నామత్తయ్యా."

"ఎవరు?"

"నేనూ, లుసుంగూ."

న్యాగొండ్వే నడుం మీద చేతులు పెట్టుకుంది. "నన్నేమైనా వెర్రిదాన్ననుకుంటున్నావా? పిల్లని ఉంచుకోవడానికి సగం కుండ పారబోస్తావా! నా కొడుకు వచ్చి ఏం తినాలి?"

"పారబొయ్యలేదు. దాని మొహం చూడండి."

"మొహానికి పూసినంత మాత్రాన తిన్నట్టా?"

వైసన్ వచ్చేసరికి పొద్దు వాలింది. ఎనిఫా మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు పోసింది, పళ్ళెం పెట్టింది. అతని గిన్నె కుంపటి పక్కన పెట్టడం ఆమె మరిచిపోయింది. కావాలని కాదు, సంతోషంలో నిజంగానే మరిచిపోయింది. అతను న్సీమా ముద్ద కూరలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమలడం నెమ్మదించింది. మొహం అటు తిప్పాడు.

"ఏంటిది? చల్లగా, జిగటగా... గొంతు దిగట్లేదు. ఇది మనుషులు తినేదేనా?"

ఎనిఫా తల ఎత్తింది. మర్యాదగానే అడిగింది. "లుసుంగు నాన్నా, మీదీ ఏరుకు తినే నోరేనా?"

"చల్లారిపోయిందే అంటుంటే!"

"నేను రోజూ తినేది అదే. మీ కూతురికి రోజూ పెట్టేదీ అదే."

వైసన్ పళ్ళెం పక్కకు జరిపాడు. న్యాగొండ్వే నవ్వింది. నవ్వు కాదు మొదట, ముక్కులోంచి వచ్చిన ఒక చప్పుడు. కొడుకు మొహం తిప్పిన తీరూ, మనవరాలు తిప్పే తీరూ ఒకటే. ఆవిడ ఇప్పుడు కళ్ళారా చూసింది. "ఒరేయ్, పిల్లకి ఎవరి నోరు వచ్చిందో ఇప్పుడు తెలిసింది!"

ఎనిఫా లేచి, మర్నాటికని దాచిన ఆకు కుండలో వేసి కుంపటి మీద పెట్టింది. ఎవరినీ అడగలేదు. పల్లీల పిండి వాసన రాగానే లుసుంగు నిద్ర మత్తులోంచి లేచి, తప్పటడుగులతో వచ్చి అమ్మ మోకాలు పట్టుకుని నోరు తెరిచింది. ఎనిఫా అరచేతిలో వేసి ఊదింది. పిల్ల నాకింది, చప్పరించింది, మళ్ళీ తెరిచింది. అత్తగారు ముక్కాలి పీట దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చుంది. కాసేపటికి తన అరచెయ్యి కూడా చాపింది.

తింది.

"బాలింతగా ఉన్నప్పుడు పెట్టేవాళ్ళు ఇలా, వేడిగా. ఎన్ని కాన్పులో అన్నిసార్లు తిన్నాను. ఈ రుచి కాన్పుదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ." చేతి మడతల్లోది కూడా నాకేసింది. "మాంసం మీద ఆబకు న్ఖులి అని మాటుంది. దీని మీద ఆబకు మాటే లేదేమే మన భాషలో?"

"ఆబ పుట్టేలా మనకెవరు పెట్టారత్తయ్యా, మాట పుట్టడానికి?"

శనివారం బస్సులో న్యాగొండ్వే ఒక్కతే ఎక్కింది. గౌన్లు వెనక్కి ఇచ్చేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, జనం అంతా వినేలా అరిచింది: "కోడలా, కూర దించగానే ముందు నువ్వు! విన్నావా? నా కొడుకు ఏమైనా అంటే నాకు కబురు చెయ్యి!" వైసన్ ఏమైనా అనేలోపే ఎనిఫా అతనికి ఒలవని ఆకుల కట్ట అందించింది. పీచు తెగ్గొట్టకుండా లాగడం అతనికి ఇంకా రాలేదు, వస్తుంది. నాఫిరి మాత్రం అలిగింది, ఉప్పు చూడమని ఎవరూ పిలవడం లేదని. అందుకని ఇప్పుడు ఎనిఫా రోజూ కంచె మీదుగా ఆమెకు గరిటెడు కాదు, గిన్నెడు ఇస్తుంది, పొగలు పోతుండగానే. బరువు చూసే తక్కెడ ముల్లు కదిలిందా అని అడుగుతారేమో. కదిలింది. కానీ ఎనిఫాకు ముల్లు కన్నా తన కుండే ఎక్కువ ముచ్చటగా ఉంది.

ఇంతవరకూ చదివారు కదా, ఒక్క పని చేసిపెట్టండి. మీ ఇంట్లో ఇవాళ వండినావిడ ఎవరో, లేచి వంటింట్లోకి వెళ్ళి చూడండి. ఆవిడ తిన్నదా అని అడగొద్దు, తిన్నాననే చెబుతుంది. ఆవిడ పళ్ళెం మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉందేమో.