గొల్లభామ పట్టు

మా బావ పగలంతా చేతిగడియారాలు బాగుచేస్తాడు, సాయంత్రం మనుషుల్ని కింద పడేస్తాడు. ఆ పడేసే విద్య పేరు గొల్లభామ కుంగ్‌ఫూ. చైనాలో ఎవరో మహానుభావుడు గొల్లభామ పురుగు వేటాడే తీరు చూసి కట్టిన విద్య అని ఆయన చెబుతాడు. బొటనవేలు, చూపుడువేలు, నడివేలు కొసలు కలిపి, మణికట్టును కొక్కెంలా కిందికి వంచి, ముంజేతులు రెండూ ముందుకు పెట్టి నిలబడతాడు. ఆ భంగిమలో ఆయన్ని మొదటిసారి చూసినవాళ్లకి నవ్వు ఆగదు. నాకిప్పటికీ ఆగదు. బావమరిదిని కనక నాకా హక్కుంది.

నేను అక్కావాళ్లింట్లోనే ఉంటాను. కొత్త ఉద్యోగంలో కుదురుకునేదాకా అని వచ్చాను. ఉద్యోగాలు మారాయి గానీ ఇల్లు మారలేదు.

క్లాసు జరిగేది ఆ ఇంటి ముందుగదిలో. ఉన్నవాటిలో పెద్ద గది అదొక్కటే. నేలంతా దళసరి చాపలు, ఒక గోడకి నిలువుటద్దం. వచ్చేవాళ్లు పళ్ల డాక్టరు, లిఫ్టు మెకానిక్కు, కాలేజీలో లెక్కలు చెప్పే మేష్టారు, ఇంకా అలాంటి మర్యాదస్తులు కొందరు. ఒకరు ముందుకొచ్చి గుద్దు విసురుతారు. బావ ఆ మణికట్టు మీద కొక్కెం వేస్తాడు, రెండో చేత్తో మోచెయ్యి దగ్గర అదిమి ఏటవాలుగా కిందికి లాగుతాడు, మడమ వెనక అడుగేసి మెడ మీద అరచేతి అంచు ఆనిస్తాడు. అవతలివాడు దబ్బున పడతాడు. పళ్ల డాక్టరైతే మరీ ముచ్చటగా పడతాడు. "అబ్బ, ఏం పట్టు మాస్టారూ!" అంటూ బట్టలు దులుపుకుని లేస్తాడు. బావ మొహం వెలిగిపోతుంది.

అక్క పరదాలు కుడుతుంది. ఆమధ్య ఒక హోటలువాళ్లు పెద్ద ఆర్డరిచ్చారు. పొడుగాటి బట్ట మడత పడకుండా పరిచి, గీతలు గీసి, కత్తిరించేదాకా దాన్ని కదపకూడదు. లోపలి గదిలో మంచం, మిషను పోగా మిగిలిన చోట బట్ట సగమే పరుచుకుంటుంది. రెండో సగం పరిచేసరికి మొదటి సగం మీద గీతలు చెదిరిపోయి, ఒక పరదా పొట్టిగా, ఒకటి పొడుగ్గా తయారైంది. అక్కకి ఒళ్లు మండింది.

"ముందుగది నాకిచ్చేయండి. మీ చాపలు మేడ మీదకి ఎక్కించుకోండి," అంది.

"మేడ మీద గాలికి ఏకాగ్రత కుదరదు. ఇదేం కాలక్షేపం కాదు, ప్రాణం కాపాడే విద్య."

"ఇంతవరకూ ఎవరి ప్రాణం కాపాడారండీ?"

అక్కడితో ఆగిపోయేదే. కానీ నా నోరు ఊరుకోదు కదా! "బావా, అక్క కింది వీధిలో బాక్సింగ్‌కి వెళ్తోంది. నీకు తెలుసా?" అన్నాను.

అక్క నన్ను చూసిన చూపుకి ఇంకొకడైతే బూడిదయ్యేవాడు.

"నడకకి వెళ్తున్నానన్నావు!" అన్నాడు బావ.

"నడిచే వెళ్తున్నాను."

"ఇంట్లో మాస్టారుండగా వీధిలో నేర్చుకుంటావా?"

"అక్కడ గుద్దితే తగుల్తుంది," అంది అక్క.

ఆ మాట బావకి ఎక్కడో గుచ్చుకుంది. అలా పందెం పుట్టింది. షరతులు నేనే పెట్టాను. ఆదివారం, శిష్యులందరి ఎదుటా, ఇద్దరూ తలపడాలి. అక్క చెయ్యి ఒక్కసారి బావ కొక్కేనికి చిక్కినా గది ఆయనదే, అక్క బుద్ధిగా ఆయన క్లాసులో చేరాలి. చిక్కకపోతే చాపలు మేడెక్కుతాయి.

మర్నాడు బావ నన్ను ముందుగదిలోకి పిలిచి తలుపేశాడు. "ఏదీ, ఒక గుద్దు గుద్దరా," అన్నాడు. గుద్ది చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన కొక్కెం గాల్లో పడింది. మళ్లీ గుద్దాను. మళ్లీ గాలే.

"చెయ్యి అక్కడ ఉంచవేంరా?"

"ఉంచితే నువ్వు పట్టుకుంటావుగా బావా!"

"అందరూ ఉంచుతారు," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు తన చేతి వేళ్లకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఎప్పుడూ ఆయన్ని ఏడిపించే నాకే జాలేసింది.

ఆ సాయంత్రం అక్క మర్చిపోయిన తువ్వాలు ఇచ్చే వంకతో బాక్సింగ్ హాలుకి వెళ్లి, గుమ్మంలో నిలబడి గమనించాను. అక్క ఎడమ పిడికిలి వెళ్తుంది, వచ్చేస్తుంది, కంటికి ఆనదు. కుడి పిడికిలి మాత్రం దవడకి కాపలాగా ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఇంటికొచ్చి బావ చెవిలో వేశాను. "వచ్చిపోయే చెయ్యి వదిలెయ్యి. ముందు నువ్వే మొహం మీదకి చెయ్యి విసురు. ఆపుకోడానికి కుడిచెయ్యి ఎత్తుతుంది. అది అక్కడే ఉంటుంది."

బావ ఎగిరి గంతేశాడు. "మా గురువుగారు చెప్పిందీ అదేరా! ఎదుటివాడి చేతికోసం కాచుకుని కూర్చోకు, నువ్వు కదిలితే వాడి చెయ్యి దానంతటదే వస్తుందనేవారు. ఇక్కడ కాచుకుని కూర్చోడమే అలవాటైపోయింది."

రాత్రి భోజనాల దగ్గర అక్క చెవిలోనూ ఒక మాట వేశాను. బావ బరువు ఎప్పుడూ వెనక్కాలి మీదే ఉంటుంది, ముందుకాలి మీదకి వచ్చిందంటే ఏదో చెయ్యబోతున్నాడని. ఇద్దరి ఉప్పూ తింటున్నవాణ్ణి, పక్షపాతం చూపిస్తే ఎలా?

ఆదివారం శిష్యులందరూ గోడవారన వరసగా నిలబడ్డారు. అక్క జుట్టు బిగించి ముడేసుకుని గ్లౌజులు తొడుక్కుంది. మొదలెట్టండన్నాను.

టప్! బావ నుదురు. టప్! చెంప. ఆయన కొక్కేలు గాలిని పట్టుకుంటున్నాయి. శిష్యులు మర్యాదగా సీలింగు కేసి చూస్తున్నారు. పళ్ల డాక్టరు ప్రతి దెబ్బకీ కళ్లు మూసుకుంటున్నాడు.

అంతలో బావ బరువు ముందుకాలి మీదకొచ్చింది. అక్క అది చూసింది కూడా. చూసినా, మొహం మీదకొచ్చిన అరచేతిని ఆపడానికి కుడిచెయ్యి లేవనే లేచింది. కొక్కెం మణికట్టు మీద పడింది. రెండో చెయ్యి మోచేతి మీద పడింది. బావ ఏటవాలుగా కిందికి లాగాడు. ఆ లాగుడు చూడగానే గోడవారనున్న వాళ్లలో ముగ్గురు అలవాటు కొద్దీ ముందుకు తూలారు. లెక్కల మేష్టారైతే ఏకంగా చతికిలబడ్డాడు.

అక్క మాత్రం పడలేదు. లాగిన వైపే రెండడుగులు వచ్చి బావకి ఎదురుగా నిలబడింది. బావ ఆ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. అక్క ఎడమచెయ్యి ఖాళీగా ఉంది. నేరుగా ముక్కు మీదకొచ్చింది.

బావ చాపల మీద కూలబడ్డాడు. ముక్కులోంచి రక్తం. అక్క గ్లౌజులు విసిరికొట్టి పక్కన కూర్చుంది. "అయ్యో, ఎంత పని చేశాను! మెడ మీద కొట్టాలిగా మీరు, ఎందుకాగిపోయారు?"

"నువ్వు పడతావనుకున్నాను," అన్నాడు బావ.

పళ్ల డాక్టరు దూది పట్టుకొచ్చి ఆయన తల ముందుకు వంచాడు. అక్క కళ్లు తుడుచుకుంటూ, "చెయ్యి చిక్కింది. గది మీదేనండీ," అంది. బావ వినిపించుకోలేదు. ఇంకా నేలమీదే ఉన్న లెక్కల మేష్టారిని చూస్తున్నాడు.

"మిమ్మల్నెవరూ ముట్టుకోలేదు కదా మేష్టారూ? మీరెందుకు పడ్డారు?"

ఆయన తలొంచుకున్నాడు.

"ఇన్నేళ్లూ ఎందుకు పడ్డారు మీరంతా?"

చివరికి పళ్ల డాక్టరే మెల్లగా అన్నాడు. "మీరు చిన్నబుచ్చుకుంటారని, మాస్టారూ."

ముక్కు మీద దెబ్బకి చెదరని మనిషి ఆ మాటకి పాలిపోయాడు. నాకు ఏదో ఒక వేళాకోళం ఆడి ఆ గదిలో గాలి తేలిక చెయ్యాలనిపించింది. దానికి బదులు అక్క విసిరికొట్టిన గ్లౌజులు ఏరి పక్కన పెట్టాను.

బావ దూది కుక్కుకుని లేచాడు. "నేను చెయ్యి పట్టుకున్నానంతే. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాను," అన్నాడు అక్కతో. "రేపట్నించి ఇక్కడ నీ బట్ట పరుచుకో. మేం మేడెక్కుతాం." తర్వాత శిష్యుల వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, ఆ గ్లౌజులు తొడుక్కోండి. గుద్దండి. చెయ్యి అక్కడ ఉంచారంటే క్లాసులోంచి తీసేస్తా."

డాక్టరు గుద్దాడు, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బావకి గాలి దొరికింది. రెండో గుద్దు చెవికి తగిలింది. మూడోసారి బావే ముందు చెయ్యి విసిరాడు, డాక్టరు అడ్డం పెట్టాడు, కొక్కెం పడింది. డాక్టరు పడలేదు. గింజుకున్నాడు, మూలిగాడు, బావ నడుం చుట్టూ చెయ్యేసి వేలాడాడు. ఇద్దరూ తూలి తూలి దబ్బున కూలారు. బావ కింద, డాక్టరు పైన.

"చూశావటోయ్!" అని కిందనుంచి అక్కని కేకేశాడు బావ. దూది ఊడిపోయి రక్తం మళ్లీ కారుతోంది. "డాక్టరుగారు పడలేదు! నేనే పడ్డాను!"

ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.