పొడుగు చూడలేదు

స్కానింగు విభాగంలో అందరూ ఆమెను కొలతలమ్మ అనేవారు. ఊపిరితిత్తుల్లో కనిపించే గడ్డలను మూడేసి నెలలకోసారి కొలిచి, ఎంత పెరిగాయో రాయడం ఆమె పని. అర మిల్లీమీటరు తేడా కూడా ఆమె కళ్లను దాటిపోదని పేరు. ఆ పేరు ఆమెకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. కొలిచేవాళ్లకు రోగి పేరు కనిపించదు, నంబరు మాత్రమే కనిపిస్తుంది. పేరు తెలిస్తే జాలి పుడుతుందని, జాలి పుడితే గీత పక్కకు జరుగుతుందని పెద్ద డాక్టరు పెట్టిన నియమం. పదకొండేళ్లుగా ఆమె ముఖాలు చూడకుండానే ఎందరి ఊపిరితిత్తులనో కొలిచింది.

ఆ ఉదయం తెర మీదికి నూట పద్నాలుగో నంబరు వచ్చింది. ఆరు నెలల్లో ఇది మూడో స్కాను. మొదటిసారి గడ్డ ఎనిమిది మిల్లీమీటర్లు. రెండోసారీ ఎనిమిదే. "పెరుగుదల లేదు" అని రాసింది తనే. ఇవాళ తొమ్మిది. ఈ మాత్రానికే కంగారెందుకు అనుకుంది.

అయితే ఆ వారమే కంప్యూటర్లోకి కొత్త ప్రోగ్రాం వచ్చింది. స్కాను బొమ్మలు దోసకాయను చక్రాలుగా తరిగినట్టు ఉంటాయి. ఇన్నాళ్లూ అందరూ వాటిలో పెద్ద చక్రం ఒకటి చూసి, దాని వెడల్పు కొలిచి ఊరుకునేవారు. కొత్త ప్రోగ్రాం చక్రాలన్నీ పేర్చి గడ్డను నిలబెట్టి చూపిస్తుంది. పాత స్కానులతో సహా ఆమె అలా నిలబెట్టి చూసింది. వెడల్పు దాదాపు అంతే ఉంది గానీ గడ్డ చాప కింద నీరులా కిందికి పాకింది. మొదట ఎనిమిదున్న పొడుగు రెండో స్కాను నాటికే పన్నెండు, ఇప్పుడు పదిహేడు. గడ్డ మొత్తం పరిమాణం నూట ఇరవై ఆరు రోజులకోసారి రెట్టింపవుతోందని లెక్క తేలింది.

ఇంకో వైపు నుంచి చూద్దామని బొమ్మను తిప్పింది. పక్కటెముకలు కనిపించాయి. ఎడమవైపు ఏడోదీ ఎనిమిదోదీ ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్నాయి.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు అన్నయ్య సైకిలు మీద ఎక్కించుకుని వెళ్తూ గోతిలో పడ్డాడు. చెల్లెలికి రాళ్లు తగలకుండా తను కింద పడ్డాడు. కట్టు విప్పిన రోజు ఆ వంకర మీద ఆమె వేలు పెట్టి చూసింది.

నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్లి పేరు అడిగింది. ఆయన ఆమె ముఖం చూసి నియమం పక్కన పెట్టాడు. అన్నయ్య పేరే.

"రెండో కొలత తప్పు సార్. తప్పు నాదే అని రాసుకోండి. అప్పుడే చూసుంటే ఆపరేషనుకి అందేది కదా?"

"అందేదేమో. ఇప్పుడు పక్క గ్రంథుల్లోకి కూడా వెళ్లినట్టుంది. మందులు వాడి చూద్దాం. అయినా అప్పటి పద్ధతే అది, అందరం అలాగే కొలిచామమ్మా."

"పద్ధతికేం సార్, బాగానే ఉంటుంది. పోయేది మా అన్నయ్య."

అన్నయ్య దర్జీ. ఆమె వెళ్లేసరికి మెడలో టేపుతో మిషను తొక్కుతున్నాడు.

"ఏమే, ఈ వేళప్పుడు వచ్చావు? డ్యూటీ ఎగ్గొట్టావా?"

"నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా?"

మిషను ఆగింది. "చెబితే నీ చెయ్యి వణుకుతుందని. చెప్పకపోతే సరిగ్గా కొలుస్తావని."

"సరిగ్గా కొలవలేదు. వెడల్పే చూశాను, పొడుగు చూడలేదు. అది పెరిగిపోయింది."

అన్నయ్య మెడలోంచి టేపు తీసి చుట్ట చుట్టాడు. తర్వాత, "నడుము కొలిచి పొడుగు వదిలేస్తే నేను లాగు కుట్టగలనటే?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది.

ఆమె భోరుమంది. "నేనే నిన్ను చంపేశాను."

"ఛ, నోర్ముయ్. చిన్నప్పుడు నడుము అంతే ఉంది, పాత గౌనే చాలు అనేది అమ్మ. నువ్వు పొడుగవుతున్నావని నాకే తెలుసు. ఏటా అంచు మడత విప్పేవాణ్ణి. అమ్మకి నీమీద ప్రేమ లేకా? కంటికి ఆనలేదు, అంతే."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏ డాక్టర్ల దగ్గరికి వెళ్దామో ఆమె గబగబా చెప్పసాగింది. అన్నీ విని తలూపి, అతను అరలోంచి ఒక గౌను తీశాడు.

"మేనకోడలి స్కూలు గౌను. తీసుకెళ్లు."

ఆమె అలవాటుగా అంచు తిరగేసింది. ఎప్పుడూ ఒక్క మడతే పెట్టేవాడు. ఇప్పుడు ఒకదాని మీద ఒకటి నాలుగున్నాయి.

"ఎప్పుడు కుట్టావిది?"

"మూడు నెలలైంది. దగ్గితే రెండుసార్లు నెత్తురు పడింది అప్పుడు. డాక్టరుకి చెబుదామనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోగానే ఆయన, పెరగలేదు, మీకేం భయం లేదు అన్నాడు. కొలిచింది నువ్వే కదా, నా చెల్లెలు లేదంటే లేనట్టేలే అని ఊరుకున్నా. కానీ చేతులు ఊరుకోలేదు, ఇది కుట్టాయి."

ఆమె నాలుగు మడతలనూ ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

"ఏడాదికొకటి విప్పు," అన్నాడు అన్నయ్య, మళ్లీ మిషను మీదికి వంగి. "బ్లేడు పెట్టకు, గుడ్డ తెగుతుంది. సూదితో ఒక్కో కుట్టే లాగు."