తోకలో సూదులు లేని పిట్ట

తేనె పెట్టెలాయనకు పసరిక పిట్టలంటే మొదట్నుంచీ కంటగింపే. పిడికిట్లో ఇమిడే పచ్చటి పిట్ట. గొంతు మీద కాటుకతో గీసినట్టు నల్లగీత, తోక చివర సూదుల్లా రెండు పొడుగాటి ఈకలు. చూడ్డానికి ఎంత సొగసో, తేనెటీగల పాలిట అంత యముడు. పెట్టెలోంచి బయటికొచ్చిన ఈగను గాలిలోనే పట్టి, తీగకేసి బాది మింగేది. ఆయన రేకుడబ్బా వాయించి తోలేవాడు.

తరవాత చుట్టుపక్కల తోటల్లో కొత్త పురుగుమందు కొట్టడం మొదలైంది. మొదటి ఏడు ఈగలు పెట్టెల ముందే గిరగిరా తిరిగి పడిపోయాయి. రెండో ఏడు మేతకు వెళ్లినవి తిరిగి రానే లేదు. ఆయన ఖాళీ పెట్టెల్ని గీకి, కడిగి, వెనక గదిలో పేర్చి, సీసాల ఫ్యాక్టరీలో లోడు ఎత్తే పనికి కుదిరాడు.

"ఆ పెట్టెల్ని వడ్రంగి అడుగుతున్నాడు, ఇచ్చేద్దామా?" అంది భార్య.

"ఈ సీజను దాటనీ."

"దాటితే ఏమొస్తుంది?"

ఫ్యాక్టరీ వెనక మట్టి తవ్విన గొయ్యి ఉంది. దాని గట్టుకు బొరియలు చేసి పసరికలు గూళ్లు పెడతాయి. పెద్ద పిట్ట ఎంత దూరమైనా పోయి తన పొట్ట నింపుకుంటుంది. పిల్లలు పెరగాలంటే మాత్రం గూటి దగ్గరే పురుగూ పుట్రా దొరకాలి. ఒక్క పిల్ల బయటికి ఎగిరినా, ఇక్కడ మళ్లీ ఈగ బతుకుతుందన్న మాట. అప్పుడు కొత్త ఈగల్ని తెచ్చుకోవచ్చు. ఇదీ ఆయన చెప్పిన మాట.

"శత్రువు ఇంట్లో పురుడు కోసం ఎదురుచూసే మగాణ్ణి నిన్నే చూశాను," అంది భార్య.

ఆమె తమ్ముడికి బజార్లో ఫొటో స్టూడియో ఉంది. అతను బావకు ఒక పాత కెమెరా, పొడుగు లెన్సు ఇచ్చాడు. పక్షుల పుస్తకం తిరగేసి పిల్లను ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పాడు.

"రంగు చూసి మురిసిపోకు బావా. నీక్కావలసింది వెలిసిపోయినట్టుండే పిట్ట. తోకలో సూదులుండవు, గొంతు మీద గీత ఉండదు. కన్ను కూడా ఎర్రగా కాదు, మట్టిరంగులో ఉంటుంది. మూడూ చూడు."

సెలవు దొరికినప్పుడల్లా ఆయన గోతి దగ్గర చేరేవాడు. ఫొటోలు అద్భుతంగా వచ్చాయి. స్టూడియోకు వచ్చినవాళ్లు "అబ్బ, ఏం రంగులండీ!" అనేవారు. ఆయన మాత్రం ఒక్కో ఫొటోలో తోకా గొంతూ వెతికేవాడు. ప్రతి తోకలో సూదులు. ప్రతి గొంతు మీదా గీత. పసివాళ్ల అలికిడి లేని ఇంట్లో పెద్దవాళ్లంతా కొత్తబట్టలు కట్టుకుని కూర్చున్నట్టుండేది.

ఒకరోజు ఎండుకొమ్మ మీద ఒక పిట్ట తూనీగను తెచ్చి, పక్కనున్న పిట్ట నోటికి అందించింది. అందుకున్న దాని తోకలో సూదుల్లేవు! ఆయన కెమెరా టపటపా నొక్కాడు. స్టూడియోకు పరుగెత్తుతూనే భార్యకు ఫోన్ చేశాడు.

"పెట్టెలు ఇవ్వకు. పిల్ల కనబడింది."

"నిజంగానా?" అంది ఆమె. ఆ గొంతులో ఆశ విని ఆయనకే భయమేసింది.

బావమరిది ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేశాడు. తోకలో సూదుల్లేవు. ఇద్దరూ నవ్వుకున్నారు. పైకి జరిపాడు. గొంతు మీద నల్లగీత దిద్దినట్టుంది. కన్ను ఎర్రగా మెరుస్తోంది.

"ఎండ పడి అలా కనిపిస్తోందేమోరా."

బావమరిది ఆ కన్నును ఇంకా పెద్దది చేసి చూపించాడు.

"నోట్లో పెడుతోంది కదరా! పిల్లకి కాకపోతే ఎవరికి పెడుతుంది?"

"పెళ్లానికి బావా. గుడ్లు పెట్టేముందు మగపిట్ట అలా తెచ్చిపెడుతుంది. ఈవిడ బొరియ తవ్వీ తవ్వీ తోక అరగదీసుకుంది."

"అంటే మళ్లీ గూడు పెడుతున్నాయన్న మాటేగా?"

"ఇంత ఆలస్యంగా పెడుతున్నాయంటే, మొదటిది దక్కలేదన్న మాట కూడా," అన్నాడు బావమరిది మెల్లగా.

ఇంటికి వెళ్లేసరికి పెట్టెలన్నీ వాకిట్లో ఎండకు పెట్టి ఉన్నాయి. భార్య ఒక మూతకు ఊడిన మేకు కొడుతోంది. ఆయన నిలబడే జరిగింది చెప్పాడు. ఆమె సుత్తి కింద పెట్టలేదు.

"మళ్లీ పెడుతున్నాయిగా. రెండో కాన్పు చూద్దాం," అంది.

ఇద్దరూ చూశారు. ఈసారి ఆమె కూడా వెంట వచ్చింది. పిట్టలు కొన్నాళ్లు ముక్కున చిన్నచిన్న పురుగులు పట్టుకుని బొరియలోకి పోయాయి. తరవాత చాలాసేపు తిరిగి ఖాళీ ముక్కుతో రావడం మొదలుపెట్టాయి. ఓ మధ్యాహ్నం రెండూ కొమ్మ మీద కూర్చుండిపోయాయి, లోపలికి పోనే లేదు. ఆమె గట్టు దిగి, బొరియకు చెవి ఆనించి చాలాసేపు ఉంది.

"ఏమైనా వినిపిస్తోందా?"

తల అడ్డంగా ఊపింది. చెంపకు మట్టి అంటుకుంది. తుడుచుకోలేదు.

మర్నాటికి ఆ జంట లేదు. కొద్దిరోజుల్లో మిగతావీ వెళ్లిపోయాయి.

వడ్రంగి బండి తెచ్చుకుని పెట్టెలు ఎక్కించుకున్నాడు. ఆయన ఒక చేయి వేశాడు. భార్య వెనక గది ఊడ్చింది. కెమెరాను తమ్ముడికి పంపించేసింది.

ఆ వారం ఆయన సెలవునాడు కూడా చొక్కా తొడుక్కుని ఫ్యాక్టరీకి లోడు ఎత్తడానికి బయల్దేరాడు.

"ఇవాళైనా ఇంటిపట్టున ఉండొచ్చు కదా," అంది ఆమె.

"ఉండి ఏం చూడను?" అంటూ ఆయన చెప్పులేసుకున్నాడు.