ఓజెల్లక్క తెల్లగౌను మానేసిన ఏడాది

కంపెనీలో చేపలు కోసే లైను దగ్గర ఓజెల్లక్క నిలబడ్డచోట నేలమీద నీళ్లు ఎర్రబడ్డాయి. చేపల నెత్తురే అనుకున్నాం. ఆమెకు అరవై ఒక్క ఏళ్లు. ముట్లుడిగి పదేళ్లయింది.

"ఒకసారి బాత్రూముకి వెళ్లొస్తాను" అంది.

సూపర్‌వైజరు గడియారం చూశాడు. "ఇందాకే వెళ్లావుగా. బెల్లు కొట్టేదాకా ఆగు."

ఆగింది. పక్కనే ఉన్న మేమంతా నోరు మూసుకుని కత్తులు ఆడించాం. ఆ సిగ్గు నన్నింకా తినేస్తోంది.

కంపెనీ క్లినిక్‌కి మూడుసార్లు వెళ్లింది. డాక్టరు ప్రతిసారీ ఒకటే మాట. "మీ నల్లవాళ్లకి కడుపులో గడ్డలు మామూలే. స్కాన్‌లో గర్భసంచి పొర పల్చగానే ఉంది, భయం లేదు. ఇంటికెళ్లు." ఆ గడ్డల చాటున పొర సరిగ్గా కనపడదని జాక్సన్ పట్నంలో పెద్ద డాక్టరమ్మ చెప్పేసరికి గర్భసంచి క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. మొదటి రక్తపు చుక్కకే లోపల్నించి చిన్న ముక్క తీసి పరీక్షించాల్సిందట. తెల్ల ఆడవాళ్లకీ ఈ క్యాన్సర్ వస్తుందట, కానీ వాళ్లలో తొందరగా బయటపడుతుందట. మనవాళ్లు వాళ్లకంటే రెట్టింపు పోతున్నారట.

డాక్టరు సంగతి సరే, మేమేం చేశాం? నెల మొదటి ఆదివారం మా చర్చిలో వచ్చినవాళ్లని కూర్చోబెట్టే ఆడవాళ్లు తెల్లగౌను వేసుకోవాలి. ముప్పై ఏళ్లు ఆ సేవ చేసిన ఓజెల్లక్క ఆ ఏడాది నల్లగౌనులో రావడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే తల దించుకుంది. పొగరనుకున్నాం. చేతులెత్తి ఆమెని సేవలోంచి తీసేశాం. ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి.

ఓజెల్లక్కని సమాధి చేసి వచ్చి, చర్చి హాల్లో వేయించిన కోడీ ఆకుకూరా పళ్లేల్లో పెట్టుకుంటుండగా వెర్డెల్ లేచింది. లైనులో అందరికంటే చిన్నది, నోరు పెద్దది.

"రక్తం మరక కనపడుతుందని తెల్లగౌను బీరువాలో దాచేసినవాళ్లు ఇంకెవరున్నారో చెయ్యెత్తండి."

"భోజనాల దగ్గరా ఈ మాటలు?" అన్నాడు పాస్టరు.

"తినండి పాస్టరుగారూ, మిమ్మల్ని అడగలేదు."

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. పదకొండయ్యాయి. చివర లేచింది నాది.

"మా అమ్మకీ ఇంతే, మా అమ్మమ్మకీ ఇంతే" అంది పక్కనున్న కోరా వదిన. "మా ఇంటి ఆడవాళ్లకి ఇది మామూలేనే."

"మీ అమ్మమ్మ ఎన్నేళ్లకి పోయింది వదినా?" అంది వెర్డెల్.

"యాభై ఏడుకి."

"దేంతో?"

కోరా వదిన చేతిలో పళ్లెం కింద పెట్టేసింది. ఇక ఎవరూ తినలేదు.

సోమవారం మేం పదకొండుమందీ, మాతో వెర్డెలూ లైనుకి పోలేదు. రబ్బరు బూట్లతోనే క్లినిక్‌కి వెళ్లి కూర్చున్నాం.

"ఒక్కొక్కరే రండి, స్కాన్ తీస్తాను" అన్నాడు డాక్టరు.

"ఓజెల్లక్కకీ తీశారుగా" అంది వెర్డెల్. "ముక్క తీసి పరీక్ష చెయ్యండి."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. మొన్న ఆమెని పూడ్చి వచ్చినదాన్ని."

"అంతమందికి ఆ పరీక్ష కంపెనీ ఒప్పుకోదు. బయటికి నడవండి."

"చేసేదాకా లేవం" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

గంటలో షెరీఫ్ పంపిన పోలీసులొచ్చారు. ఓజెల్లక్కని చావడానికి వదిలేసిన డాక్టరుకి బేడీల్లేవు, బతకడానికి కూర్చున్న మాకు పడ్డాయి.

జైల్లో ముసలి నర్సమ్మ, మా జాతిదే, కాగితం ముందేసుకుంది. "ఒంట్లో ఏదన్నా బాధుందా?"

"రక్తం పోతోంది. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి."

పదకొండుమందీ అదే మాట చెప్పాం. ఆమె పదకొండుసార్లు రాసింది. రాయడం అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇది రాశాక ఈ జైలు నడిపే కౌంటీవాళ్లు మిమ్మల్ని పెద్దాసుపత్రికి పంపక తప్పదు. ఖైదీలకైతే వైద్యం పొందే హక్కుంది తల్లీ."

కూలిదానికి లేని హక్కు ఖైదీకి ఉందట. ఆ మాట విని నవ్వలేకా ఏడవలేకా గోడకి చేరగిలబడ్డాను. వెర్డెల్ మాత్రం లేచి, జైల్లో తనకిచ్చిన ఒక్క ఫోనూ మా లైను ఆడవాళ్లకి చేసి ఆ మాటే చెప్పింది.

మర్నాడు మమ్మల్ని ఆసుపత్రి వ్యానెక్కిస్తుంటే రోడ్డవతల క్లినిక్ కనపడింది. మెట్ల మీద మా లైను ఆడవాళ్లు ఇరవై ఆరుమంది కూర్చున్నారు. లేవకపోతే అరెస్టు చేస్తానని షెరీఫ్ కింద పోలీసొకడు అరుస్తున్నాడు.

వాళ్లు లేవలేదు. ఇరవై ఆరుమందీ బేడీలకి చేతులు ముందుకి చాపారు.