ఆరో నంబరు వెనక గోడ

మోటారు గొంతు సన్నబడింది. మేడ మీద తొట్టి నిండబోతున్నదంటే అది అట్లాగే మూలుగుతుంది. కుప్పమ్మ ఊడుస్తున్న చీపురును మెట్ల పక్కన పడేసి వెళ్లి స్విచ్చి ఆపింది. పదకొండేళ్లలో ఆ తొట్టి ఒక్కసారి కూడా పొర్లి కిందికి కారలేదు. ఆ సంగతి కొర్లగుంటలో ఎవరికీ తెలియదు. పొర్లితేనే కదా ఎవరికైనా తెలిసేది.

వాకిట్లో నీళ్లు చల్లి, నాలుగు గీతల ముగ్గు లాగి, నడుము పట్టుకొని లేచింది. పొట్టి మనిషి. బకెట్లు మోసి మోసి కుడి భుజం ఎడమ భుజం కంటే అంగుళం కిందికి దిగింది. మడమల పగుళ్లలో సున్నం, ముగ్గుపిండి దిగబడి, కడిగినా తెల్లగానే కనిపిస్తాయి. బొడ్లో నైలాను తాడుకు కట్టిన తాళాల గుత్తి. ఆమెకు అంకెలు రావు. అందుకని ఒక్కో తాళానికి ఒక్కో రంగు నూలు చుట్టుకుంది. ఒకటో ఇంటికి ఎరుపు, రెండోదానికి పచ్చ, అట్లా అయిదు దాకా. ఆరోదానికి నూలు చాలక, చిరిగిన చీర అంచు కట్టింది.

దండెం మీద బట్టలు నేలకు ఆనుతున్నాయేమో చూసింది. ఆనడం లేదు. ఇంటి పొడవునా కట్టిన ప్లాస్టిక్ తీగ మధ్యలో దిగజారకుండా ఒక చేతికర్ర ఊతగా పెట్టి ఉంది. వెదురు కర్ర. పైన వంపు తిరిగి ఉంటుంది కాబట్టి తీగ అందులో చక్కగా కూర్చుంటుంది. వంపు దగ్గర ఎవరి చేతి జిడ్డుకో నల్లగా నిగనిగలాడుతుంది. ఎవరిదో ఏమి, చెంగమ్మది. ఆరో నంబరులో అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లిన ధర్మేంద్ర తల్లిది.

జాకెట్లో ఫోను మోగింది. చిత్తూరు నుంచి ఇంటి యజమాని గిరిప్రసాద్.

"కుప్పమ్మా, ఈ పొద్దు పాకాల పోతాండావా లేదా?"

"పోతాండా సార్. ప్యాసింజరుకు."

"ఆ గోడకు ఇరవై రెండు వేలు అయితాదని మేస్త్రీ రాసిచ్చినాడు. ఆ ధర్మేంద్రగాడు దొరికితే సరి. దొరక్కపోతే నీ జీతంలో నెలకు రెండు వేలు పట్టుకుంటా. ఇల్లు వానికి ఇప్పించింది నువ్వే గదా."

"సరే సార్."

"ఇంకోటి. వాని సంగతి నీకు ముందే తెలిసి దాచిపెట్టినావని తేలిందనుకో, గది ఖాళీ చేసి పోవాల్సిందే. ఊరికే చెప్పటం లే."

"సరే సార్."

గది అంటే మెట్ల కిందిది. పడుకుంటే కాళ్లు చాపుకోవచ్చు, లేస్తే మాత్రం తల కాస్త వంచుకోవాలి. ఆమెకున్న ఇల్లు అదే.

జరిగిందేమంటే, మే నెలలో గంగజాతర వారంలో ధర్మేంద్ర ఇల్లు ఖాళీ చేశాడు. అమ్మకు బాగలేదు, ఊరికి పంపించేశానన్నాడు. రెండు రోజుల తర్వాత సామాను ఆటోలో వేసుకొని, తాళం ఇచ్చి వెళ్లిపోయాడు. ఇచ్చిన అడ్వాన్సు బాకీ ఉన్న అద్దెకే సరిపోయింది. తర్వాత మహిత అనే అమ్మాయి, ఆమె భర్త ఆ ఇంట్లోకి వచ్చారు. అక్టోబరు వానలకు ఒకనాడు వాళ్ల బీరువా వెనక గోడ దబ్బున ఇంటి వెనక సందులోకి కూలింది. మేస్త్రీ వచ్చి చూసి, ఎవరో కావాలని పగలగొట్టి, మళ్లీ ఇటుకలు పేర్చి, పైకి తెలియకుండా సున్నం పూసి మూశారన్నాడు. అంతా ఇసకే, సిమెంటు వాసన కూడా లేదన్నాడు. నేల నుంచి రొమ్ము ఎత్తు దాకా, బారెడు వెడల్పు.

రెండో నంబరులో ఉండే రిటైరైన కండక్టరు వెంకటేశ్వర్లు దానికి అర్థం చెప్పాడు. "ఈశాన్యం మూల చూడండప్పా! నిధి లేకుండా ఎవుడన్నా గోడ పగలగొడ్తాడా? చంద్రగిరి కోట పక్క ఇట్లే తవ్వి తవ్వి గుంతలు పెట్టినారు. వానికి ఏదో తగిలింది. అందుకే ఫోను గూడా ఆపేసినాడు." అది వీధంతా పాకి, గిరిప్రసాద్ చెవిదాకా పోయింది.

కుప్పమ్మ నిధి మాట నమ్మలేదు, కాదనలేదు. ఆమె భయం ఆమెది. మంచాన పడిన ముసలివాళ్లు ఉంటే ఇల్లు ఇవ్వకూడదని గిరిప్రసాద్ కట్టడి. ఎవరన్నా ఇంట్లో పోతే, నక్షత్రం మంచిది కాకపోతే, నెలల తరబడి తాళం వేయాలి. తీసిన తర్వాత కూడా అద్దెకు వచ్చేవాళ్లు వీధి చివరే విషయం విని వెనక్కి తిరుగుతారు. చెంగమ్మ వచ్చిన రోజు, గేటు నుంచి గుమ్మం దాకా కర్ర ఊతతో నడవడానికి రెండుసార్లు ఆగింది. అది కళ్లారా చూసి కూడా కుప్పమ్మ, "వాళ్లమ్మ గట్టిగానే ఉండాది సార్" అని ఫోనులో చెప్పింది. శివరాత్రి తర్వాత ముసలమ్మ మంచం దిగలేదు. ధర్మేంద్ర లాడ్జీల దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి పొద్దున పోతే సందకాడే రావడం. మధ్యాహ్నం కుప్పమ్మే వెళ్లి ఆమెను పక్కకు తిప్పి, ఇంత గంజి తాగించేది. చెంగమ్మ ప్రతిరోజూ ఒకటే అడిగేది. "ఏం కూర సేస్తివి మే?" ఏది చెప్పినా, "బాగుంటాదిలే" అనేది.

బయలుదేరే ముందు, ధర్మేంద్ర ఇల్లు తీసుకున్నప్పుడు ఇచ్చిన ఆధార్ జిరాక్సును మహిత చదివి పెట్టింది. "పాకాల మండలమే కుప్పమ్మా. ఊరి పేరు సరిగా పడలేదు. స్టేషన్ దగ్గర దిగి అడుగు. ఇంతకీ ఆ గోడకు పూత ఎప్పుడు పూస్తారు? బల్లులు వస్తున్నాయి."

"పూస్తారులే మా."

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. చంద్రగిరి దాటాక గుట్టలు, మామిడి తోటలు వెనక్కి పోతుంటే కుప్పమ్మ వాటి వంక చూస్తూ కూర్చుంది. ఆలోచిస్తున్నదా అంటే ఏమీ లేదు. కండ్లు తెరిచి ఉన్నాయి, అంతే. పన్నెండేళ్లుగా ఆమెకు కూర్చుంటే అట్లాగే అవుతుంది.

పన్నెండేళ్ల కింద ఆమె మొగుడు దొరస్వామి ఆసుపత్రిలో పోయాడు. లారీలకు మూటలెత్తే మనిషి. అప్పుడు వాళ్లు ఇంకొకరి ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లు. శవం వచ్చేసరికి ఆ ఇంటామె గేటుకు లోపలి నుంచి తాళం వేసుకుంది. తిట్టలేదు, అరవలేదు. "మాకూ పిల్లలున్నారమ్మా" అన్నదంతే. దొరస్వామిని రోడ్డు మీదే, కాలువ పక్కన, టార్పాలిన్ పట్ట కింద పడుకోబెట్టారు. పొద్దున తొమ్మిది నుంచి రెండు దాకా. ఎండ జరిగే కొద్దీ పట్టను జరిపారు. కుప్పమ్మ గేటు చువ్వ పట్టుకొని నిలబడింది. చువ్వ కాలుతున్నా చెయ్యి తీయలేదు. ఎదురు వరుసలోని మేడ గిరిప్రసాద్ నాయన మునిరామయ్యది. ఆయన ఇదంతా చూశాడు. ఏడాది తర్వాత ఆయనే పిలిచి మెట్ల కింద గది ఇచ్చాడు, తాళాలు ఇచ్చాడు. ఆయనా ఇప్పుడు లేడు.

పాకాల స్టేషన్ బయట టిఫిన్ బండి ఆమెను అడిగితే పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. "ఇస్త్రీ ధర్మేంద్రనా? ఆ టెలిఫోను స్తంభం కాడ నీలం పట్ట కట్టినాడు సూడు మే, ఆడ."

అతను చిక్కిపోయాడు. బొగ్గుల పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తూ పోలీసు ప్యాంటు ఒకటి మడత వేస్తున్నాడు. తలెత్తి చూసి పెట్టెను దిమ్మె మీద పెట్టాడు. పారిపోలేదు. పారిపోవడానికి పక్కకు చూడనైనా లేదు.

"వస్తివా కుప్పక్కా," అన్నాడు. "వస్తావనుకుంటిని."

"గోడ కూలింది నాయనా."

"వానలు పడినప్పుడే అనుకున్న్యా."

ఒక స్టూలు దులిపి వేశాడు. టీ తెచ్చాడు. ఆమె టీ పట్టుకొని కూర్చుంది గానీ తాగలేదు.

"మీయమ్మ యాడుండాది?"

ధర్మేంద్ర నిప్పుల మీద బూడిద ఊదాడు.

"జాతరప్పుడే పోయింది అక్కా. మంగళవారం పొద్దున. టీ తెచ్చేలోపల అయిపోయింది."

ఆ మంగళవారం కుప్పమ్మ గంగమ్మకు పొంగలి పెట్టి వచ్చి, ఒక గిన్నె చెంగమ్మకని ఆరో నంబరుకు తీసుకుపోయింది. తాళం వేసి ఉంది. గిన్నె గడప మీదే పెట్టి వచ్చింది.

"మామకు ఫోను చేస్తి. పంచాంగం చూపించి వచ్చినాడు. ధనిష్ఠ అక్కా. తలవాకిట్లో తీసుకపోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాల, లేదంటే గోడ తీసి ఆ దారిన పొమ్మన్నాడు. ఆరు నెలలు మూస్తే సారు ఎందుకని అడగడా? ముసలామె మంచాన ఉండిందని తెలిస్తే నీ గది ఉంటాదా? ఇంటికీ చెడ్డ, నీకూ చెడ్డ. అందుకని గోడ తీసినాం."

"సప్పుడు కాలేదా?"

"వీధిలో ఎవరుండారు? అందరూ జాతరకే పోయినారు. తప్పెట్లు మోగతాండాయి. గునపం సప్పుడు మాకే వినపళ్లేదు." అతను చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మామ కొడుకూ నేనూ వంగి అమ్మను ఆ కన్నంలోంచి సందులోకి తెచ్చినాం. ఆటోలో మధ్యలో కూసోబెట్టుకున్న్యాం. చంద్రగిరి కాడ పోలీసాయన ఆపి ఏమైందిరా అన్నాడు. జొరం సార్ అంటి. మామ ఆడనే ఉండి ఇటుకలు పేర్చి మూసినాడు. ఆయనకు మేస్త్రీ పని రాదు."

ఒక గూడ్సు బండి వచ్చి వెళ్లింది.

"నెలకు వెయ్యి లెక్కన ఇస్తా అక్కా. ఒక్కసారి ఇయ్యమంటే నావల్ల కాదు."

"నువ్వు ఇస్తే దొరికినావని అర్థం. దొరికితే గోడ ఎందుకు పగలగొట్టినావంటాడు. ఏం చెప్తావు?"

"ఏం చెప్తా?"

"అదే మరి. ఈడ నేను నిన్ను సూళ్లేదు. నువ్వు నన్ను సూళ్లేదు."

"మరి డబ్బు?"

ఆమె చల్లారిన టీ గటగటా తాగి గ్లాసు కింద పెట్టింది. "పట్టుకుంటాడు. పట్టుకోనీ. నాకేం ఖర్చు. నువ్వు తిన్న్యావా పొద్దున?"

ధర్మేంద్ర తల ఊపాడు. తిన్నట్టో తిననట్టో తెలియలేదు. ఆమె లేచి చెంగు సర్దుకుంటుంటే, ఆరు నెలలుగా నోట్లో పెట్టుకున్న మాట అడిగాడు.

"దొంగ మాదిరి గోడ దారిన తీసుకపోయినాం. అమ్మకు ఏమన్నా దోసం తగులుతాదా అక్కా?"

"నా మొగుణ్ణి ఇంటి లోపలికే రానీలేదు," అంది కుప్పమ్మ. ఎండ గురించి చెప్పినట్టు చెప్పింది. "మీయమ్మ ఇంట్లోంచే కదరా పోయింది. ఏ దారైతే ఏం."

ఆమె స్టేషన్ మలుపు తిరిగేసరికి వెనక నుంచి కేకేశాడు. "అమ్మ కర్ర ఉండాదా? తలుపు వెనక మరిసిపోతి."

"ఉండాది," అంది. "బాగుండాది."

కొర్లగుంటకు వచ్చేసరికి కొండ మీద దీపాలు వెలిగే వేళ. ఆలస్యమైందని రెండు ఇళ్లవాళ్లు సణిగారు. కుప్పమ్మ మోటారు వేసింది. వేసి నిలబడగానే ఫోను.

"దొరికినాడా?"

"లేదు సార్."

"అడిగినావా సరిగ్గా?"

"అడిగినా సార్. ఎవరూ సూళ్లేదంట."

"నేను చెప్పలా? ఏదో దొరికింది వానికి. అందుకే మొగం చూపించడు. సరే, ఈ నెల నుంచే పట్టుకుంటా."

"సరే సార్."

గడప మీద కూర్చున్న వెంకటేశ్వర్లు చెవులు ఇటే వేశాడు. "ఏం కుప్పమ్మా, గోడలోంచి ఏం ఎత్తకపోయినాడంటావు?"

"ఏమోనప్పా. బరువైందే ఎత్తకపోయుంటాడు."

"బంగారమేనంటావా?"

"మనం సూళ్లేదు గదా."

ఆమె దండెం దగ్గరికి వెళ్లింది. కర్ర తీసి గదిలో పెట్టుకుందామనే వెళ్లింది. తీగ నిండా మహిత ఆరేసిన తడి బట్టలు. రెండు దుప్పట్లు, ఒక లుంగీ, చిన్నచిన్నవి. కర్ర తీస్తే అన్నీ మట్టిలో పడతాయి. ఆరనీ అనుకుని ఆ కిందే, గోడకు ఆనుకొని కూర్చుంది. బదులుకు ఇంకొక కర్ర వెతకవచ్చునని తోచలేదు. కర్ర అడుగున చెంగమ్మ సైకిలు టైరు కోసి కట్టించుకున్న రబ్బరు ముక్క కండ్ల ఎదుటే ఉంది. ఒక పక్కకే అరిగింది. ముసలమ్మ ఎడమ పక్కకు ఒరిగి నడిచేది కదా. గేటు దగ్గర ఒకసారి, తులసి కుండీ దగ్గర ఒకసారి ఆగేది. కుప్పమ్మ కండ్లు తెరుచుకునే ఉన్నాయి. రైల్లో చూసినట్టే చూస్తున్నది.

మోటారు మూలుగు సన్నబడింది. ఇంకా సన్నబడి, కీచుమంది. ఆమె లేవలేదు.

"కుప్పమ్మా! నీళ్లు! తొట్టి పొర్లతాండాది, నిద్రపోతాండావా ఏం?" వెంకటేశ్వర్లు అరుస్తున్నాడు. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరో పరుగెత్తి స్విచ్చి ఆపారు. అప్పటికే నీళ్లు పిట్టగోడ దాటి ధారగా కిందికి దూకాయి. దండెం తడిసింది, దుప్పట్లు తడిసి రెండింతలు బరువెక్కాయి, కుప్పమ్మ తల తడిసింది. తీగ ఒకసారి కిందికి జారబోయి ఆగింది. నల్లబడిన వంపులో ఆ బరువంతా పట్టుకొని, ఒక పక్కకు అరిగిన రబ్బరు మీద, కొద్దిగా ఎడమకు ఒరిగి, చెంగమ్మ కర్ర నిలబడే ఉంది.